ముంబి ఇల్లు: కికుయు జనప్రియ గీతాల్లో స్త్రీ రూపకాలు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశంలో కికుయు ప్రజల పాటలు స్త్రీని ఇల్లుగా, కుండగా, పక్షిగా, తీపిగా, వెల కట్టదగిన సరుకుగా రూపించాయి. ఈ రూపకాలు ఏ కాలంలో, ఎవరి నోట, ఏ అవసరం కోసం పుట్టాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఇంటికి స్త్రీ పేరు పెట్టిన సమాజం ఆ ఇంటిపై, దాని కిందనున్న భూమిపై ఆమెకు ఎంత హక్కు ఇచ్చిందనే ప్రశ్న ఈ పాటల చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

ఉపోద్ఘాతం

కికుయులు కెన్యాలో అత్యధిక సంఖ్యాకులైన జాతి. 2019 జనాభా లెక్కల ప్రకారం వీరి సంఖ్య సుమారు 81 లక్షలు. కెన్యా పర్వతానికి దక్షిణ, పశ్చిమ దిక్కుల్లో ఉన్న న్యేరి, మురాంగా, కియాంబు, కిరిన్యాగా ప్రాంతాలు వీరి స్వస్థలాలు. వీరి భాష బంటూ కుటుంబానికి చెందినది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో బ్రిటిష్ వలసపాలన వీరి భూముల్లో గణనీయమైన భాగాన్ని శ్వేతజాతి రైతులకు అప్పగించింది. భూమి పోగొట్టుకోవడం, కూలికి వలస వెళ్లడం, సాయుధంగా తిరగబడడం, స్వాతంత్ర్యానంతరం నగరంలో బతకడం – ఈ దశలన్నింటిలోనూ కికుయులు పాటలు కట్టుకున్నారు. పనిలో పాడుకునే పాట మొదలుకొని రికార్డులపై అమ్ముడైన పాట వరకు వాటి పరిధి విస్తరించింది.

ఉపమేయ ఉపమానాలకు అభేదం చెప్పడం రూపకమని మన ఆలంకారికులు నిర్వచించారు. ఆ అభేదం కావ్యశోభకు మాత్రమే పరిమితం కాదని, మనిషి ఆలోచనా విధానమే రూపకాల మీద నిలబడి ఉంటుందని జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ 1980లో వెలువరించిన గ్రంథంలో ప్రతిపాదించారు. ఆ తర్వాత ఆఫ్రికా భాషల గీతాలపై జరిగిన పరిశీలనల్లో ‘స్త్రీ ఆహారం’, ‘స్త్రీ ఆస్తి’, ‘స్త్రీ శిశువు’ వంటి భావరూపకాల జాబితాలు తయారయ్యాయి. అటువంటి జాబితాలు ఉపయోగకరమే అయినా అవి కాలాన్ని పక్కన పెడతాయి. ఒక రూపకం 1922లో పాడినప్పుడు ఒక అర్థాన్నీ, 1952లో మరొక అర్థాన్నీ ఇవ్వగలదు. అందువల్ల ఇక్కడ రూపకాలను కాలక్రమంలో, ముఖ్యంగా ‘ఇల్లు’ అనే రూపకం చుట్టూ పరిశీలించడం జరిగింది.

కుమ్మరి తల్లి, తొమ్మిది పేర్లు

కికుయుల ఆదిపురుషుడి పేరు గికుయు, ఆదిమాత పేరు ముంబి. ముంబి అంటే రూపం పోసేది, సృష్టించేది అని అర్థం. మట్టితో పాత్ర చేయడానికీ, సృష్టించడానికీ కికుయు భాషలో ఒకే ధాతువు ఉంది. కికుయు సమాజంలో కుండలు చేయడం పూర్తిగా స్త్రీల వృత్తి. కాబట్టి ఆదిమాతకు ఆ పేరు పెట్టడంలో ఉన్న రూపకం నిత్యజీవితం నుంచి వచ్చినదే. మట్టిని పాత్రగా మలిచే చేయి, గర్భంలో మనిషిని మలిచే శక్తి ఒకే మాటలో కలిశాయి.

మురాంగా ప్రాంతంలోని ముకుర్వె వా న్యాగథాంగా అనే చోట ఈ దంపతులు స్థిరపడ్డారని, వారికి కూతుళ్లే పుట్టారని ఐతిహ్యం. వారి సంఖ్యను ‘నిండు తొమ్మిది’ అంటారు. నిజానికి పది పేర్లు చెబుతారు గాని, మనుషులను కచ్చితంగా లెక్కించడం అశుభమన్న నమ్మకంతో పది అనే మాటను దాటవేస్తారు. వంజిరు, వంబుయి, వంజికు, వంగారి, వైరిము, న్యాంబురా వంటి ఈ కూతుళ్ల పేర్ల మీదుగానే కికుయు వంశాలు ఏర్పడ్డాయి. నేటికీ కికుయు స్త్రీలలో అత్యధికులు ఈ పేర్లే ధరిస్తారు. అందువల్ల ఒక పాటలో వంజిరు అనో వంబుయి అనో పిలుపు వినిపిస్తే, అది ఒక వ్యక్తి పేరుగానూ మొత్తం స్త్రీజాతికి ప్రతినిధిగానూ ఏకకాలంలో పనిచేస్తుంది.

జోమో కెన్యాట్టా 1938లో ప్రచురించిన ‘ఫేసింగ్ మౌంట్ కెన్యా’ గ్రంథంలో ఈ ఐతిహ్యానికి ఒక కొనసాగింపు ఉంది. మొదట అధికారం స్త్రీలదే. పురుషులు కుట్ర పన్ని, స్త్రీలందరూ ఒకే కాలంలో గర్భవతులయ్యేలా చేసి, వారు బలహీనంగా ఉన్న సమయంలో అధికారం చేజిక్కించుకున్నారు. జాతి పేరును ముంబి నుంచి గికుయుగా మార్చారు. వంశాల పేర్లు కూడా మార్చబోయేసరికి స్త్రీలు ఎదురుతిరిగి, ఇక పిల్లలను కనబోమని హెచ్చరించారు. పురుషులు వెనక్కి తగ్గారు. వంశాలకు స్త్రీల పేర్లు నిలిచిపోయాయి. ఈ కథకు చారిత్రక ప్రమాణం లేదు. అయినా కికుయు సమాజం తన గురించి తాను చెప్పుకున్న కథగా అది విలువైనది. పేరు స్త్రీకి మిగిలింది, పాలన పురుషుడికి వెళ్లింది, ఆ పేరు కూడా బేరం చేస్తేనే మిగిలింది అన్న స్పృహ ఆ కథలోనే ఉంది.

ఇల్లు అనే మాటకు చట్టబలం

కికుయు భాషలో ఇంటిని ‘న్యూంబా’ అంటారు. బహుభార్యాత్వం ఉన్న కుటుంబంలో ప్రతి భార్యకూ వేరుగా ఒక ఇల్లు, ధాన్యపు గాదె, సాగు చేసుకునే మడి ఉండేవి. కొడుకులకు తండ్రి భూమిలో వాటా సాధారణంగా తల్లి సాగు చేసిన మడుల ద్వారా సంక్రమించేది. కాబట్టి న్యూంబా అంటే గోడలు, కప్పు మాత్రమే కాదు. తల్లి, ఆమె సంతానం, వారికి ఆధారమైన నేల అన్నీ కలిసిన ఏకాంశం. సంతానం లేని వితంతువు తన ఇల్లు అంతరించిపోకుండా కన్యాశుల్కం చెల్లించి మరొక స్త్రీని వివాహమాడే ఆచారం కూడా కికుయుల్లో ఉండేది. ఆ స్త్రీకి పుట్టిన పిల్లలు వితంతువు ఇంటి వారసులయ్యేవారు. ఇల్లు అనే భావన ఎంత బలమైనదంటే, దాన్ని నిలబెట్టడానికి ఒక స్త్రీ భర్త స్థానాన్ని సైతం స్వీకరించగలిగేది.

అయితే దీనికి రెండో వైపు ఉంది. ఇంటికి తల్లి ఆధారమైనా, ఆ ఇంటి భూమి కొడుకులకే చేరేది. కూతుళ్లు పెళ్లయి వేరొక ఇంటికి వెళ్లేవారు. శిశువు పుట్టినప్పుడు స్త్రీలు చేసే ‘ంగెమి’ అనే హర్షధ్వానం మగబిడ్డకు ఐదుసార్లు, ఆడబిడ్డకు మూడుసార్లు వినిపించేది. భార్యను సూచించే ‘ముతుమియా’ అనే పదానికి పెదవి కట్టుకున్నది, మాట బయటపెట్టనిది అనే వ్యుత్పత్తిని కొందరు చెబుతారు. తల్లిని సంబోధించే ‘మైతు’ అనే పదాన్ని విడదీస్తే ‘మన సత్యం’ అనే అర్థం వస్తుందని మరికొందరు చమత్కరిస్తారు. ఒకే స్త్రీ భార్యగా మౌనం, తల్లిగా సత్యం. కికుయు పాటల రూపకాలు ఈ రెండు ధ్రువాల మధ్యనే సంచరించాయి.

కప్పు కింద వాదులాట

స్త్రీపై పురుషుడు ప్రయోగించిన రూపకానికి స్త్రీ వెంటనే బదులు చెప్పిన సందర్భం ఒకటి కెన్యాట్టా గ్రంథంలోనే నమోదైంది. కొత్త ఇల్లు కట్టేటప్పుడు పురుషులు కలప కొట్టి తెచ్చి చట్రం నిలబెడతారు. గడ్డి కోసి తేవడం, కప్పు నేయడం స్త్రీల పని. ఇల్లు ఒక్కరోజులో పూర్తి కావాలి. గడ్డి రావడం ఆలస్యమైతే పురుషులు పాట ఎత్తుకొని, ఊసరవెల్లుల్లా మెల్లగా కదులుతున్నారని స్త్రీలను ఎగతాళి చేస్తారు. స్త్రీలు పాటతోనే సమాధానమిస్తారు. కప్పు లేని గోడ వానను గాని ఎండను గాని ఆపలేదని, ఇంటిని నివాసయోగ్యం చేసేది తమ నేర్పేనని చెప్పి, తాము ఊసరవెల్లులం కామని, న్యాగథాంగా పిట్ట గూడు అల్లినంత శ్రద్ధగా కప్పు వేస్తామని తమకు తామే కొత్త రూపకాన్ని ఎన్నుకుంటారు.

ఈ సంవాదంలో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, ఆదిదంపతులు స్థిరపడిన చోటి పేరులోనూ న్యాగథాంగా ఉంది. స్త్రీలు తమను ఆ పిట్టతో పోల్చుకోవడం వల్ల ఇల్లు కట్టే నైపుణ్యం జాతి మూలస్థానంతో ముడిపడింది. రెండవది, వాదం అందం గురించి కాక పని గురించి సాగింది. ఇంట్లో ఎవరి శ్రమ ఎంత అన్నదే అక్కడి అసలు విషయం. రూపకం ఇక్కడ వర్ణన స్థాయిని దాటి వాదనగా మారింది. పనిపాటల సంప్రదాయంలో స్త్రీలకు ఎదురుపాట పాడే స్థానం ఉండేదనడానికి ఇది తార్కాణం.

1922: వస్త్రం, పంట్లాం

వలసపాలనలో ఆ ఎదురుపాట వీధికి చేరింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత గుడిసె పన్ను పెరగడం, పురుషులు మెడలో గుర్తింపు పత్రం ధరించవలసి రావడం, యువతులను సైతం కాఫీ తోటల పనికి బలవంతంగా తరలించడం కికుయుల్లో ఆగ్రహం రగిలించాయి. ఈ విధానాలను విమర్శించిన యువనాయకుడు హ్యారీ థుకును 1922 మార్చిలో నైరోబీలో నిర్బంధించారు. మార్చి 16న ఠాణా ముందు పెద్ద జనసమూహం చేరింది. నాయకులు రాజీపడి జనాన్ని వెనక్కి మళ్లించబోతుండగా మేరీ ముథోని న్యాంజిరు అనే స్త్రీ ముందుకు వచ్చి తన వస్త్రాన్ని తలపైకి ఎత్తి, తన దుస్తులు మగవారు తీసుకొని వారి పంట్లాములు తనకివ్వమని సవాలు విసిరింది. పెద్దవయసు స్త్రీ అలా వస్త్రం ఎత్తడం కికుయు సంప్రదాయంలో అత్యంత తీవ్రమైన శాపంతో సమానం. జనం ముందుకు దూకారు, పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క ప్రకారమే 21 మంది మరణించారు. వారిలో న్యాంజిరు ఒకరు.

స్త్రీలు కట్టి పాడిన ‘కన్యెగెన్యూరి’ అనే పాట ఈ ఘటనను జ్ఞాపకంగా నిలిపింది. శరీరం, వస్త్రం, పంట్లాం అనే మూడు సంకేతాలు ఇక్కడ రాజకీయార్థం సంతరించుకున్నాయి. మౌనానికి పర్యాయంగా చెప్పిన ముతుమియా ఈసారి నోరు విప్పడమే కాక, పురుషుడు తన బాధ్యతను వదిలేశాడని నలుగురిలో ప్రకటించింది.

1929–30: ‘ముథిరిగు’ పాటలో బాలిక

ఏడేళ్ల తర్వాత వచ్చిన వివాదంలో పాట దిశ మారింది. బాలికలకు జననాంగ ఖండనం చేసే ఆచారాన్ని వదిలేస్తేనే చర్చిలో, మిషన్ పాఠశాలల్లో చోటుంటుందని క్రైస్తవ మిషన్లు 1929లో షరతు పెట్టాయి. కికుయుల్లో అధికభాగం దీన్ని తమ సంస్కృతిపై దాడిగా భావించారు. మిషన్లను విడిచి స్వతంత్ర పాఠశాలలు స్థాపించుకున్నారు. ఆ ఉద్యమంలో పుట్టిన ‘ముథిరిగు’ అనే పాటనృత్యం వేగంగా వ్యాపించింది. మిషనరీలను, ప్రభుత్వానికి విధేయులైన గ్రామాధిపతులను తిట్టిపోసిన ఆ పాటను ప్రభుత్వం 1930లో నిషేధించింది.

వలసాధికారాన్ని ధైర్యంగా ఎదిరించిన పాటగా ముథిరిగుకు చరిత్రలో స్థానముంది. కాని ఆ ధిక్కారానికి మూల్యం చెల్లించింది బాలికలు. ఖండనం జరగని బాలికను సూచించే ‘ఇరిగు’ అనే మాట ఈ కాలంలో ఘోరమైన తిట్టుగా స్థిరపడింది. అటువంటి బాలికల ద్వారా పరాయివారు కుటుంబంలోకి, అక్కడినుంచి భూమిలోకి ప్రవేశిస్తారన్న వదంతులు వ్యాపించాయి. బాలిక శరీరం జాతి భూమికి గట్టుగా మారింది. గట్టు తెగితే పొలం పోతుందన్న భయం ఆమె దేహంపై ఆంక్షగా మారింది. న్యాంజిరు తన దేహాన్ని తానే సంకేతంగా వాడుకుంది. ముథిరిగులో బాలిక దేహాన్ని ఇతరులు సంకేతంగా వాడుకున్నారు. ఈ తేడా కికుయు గీతాల చరిత్ర మొత్తానికీ కొలమానంగా పనికివస్తుంది.

1952–60: ముంబి సంతానం

1952 అక్టోబరు 20న కెన్యాలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మౌ మౌగా ప్రసిద్ధమైన భూమి, స్వేచ్ఛా సాయుధ పోరాటం ‘ముంబి ఇల్లు’ అనే రూపకాన్ని శిఖరానికి చేర్చింది. ప్రమాణం తీసుకున్నవారంతా ముంబి సంతానం. ద్రోహి తల్లి ఇంటిని అమ్మినవాడు. ఈ పాటలను చాలావరకు క్రైస్తవ కీర్తనల బాణీల్లో కట్టారు. భాష తెలియని అధికారి చెవికి అవి భక్తిగీతాలుగానే వినిపించేవి. ఈ పాటల ప్రభావాన్ని వలసపక్షం నుంచి లూయీ లీకీ 1954లోనే గుర్తించాడు. పోరాటపక్షం నుంచి మైనా వా కిన్యాట్టి 1980లో వాటిని సంకలించి ప్రచురించాడు.

ఈ గీతాల్లో స్త్రీ ఎక్కువగా దుఃఖించే తల్లిగా, ఎదురుచూసే తల్లిగా, నేలతల్లిగా కనిపిస్తుంది. వాస్తవంలో స్త్రీలు అడవిలోని యోధులకు ఆహారం, వార్తలు, ఆయుధాలు చేరవేశారు. వేలాదిమంది కామితి జైలులో నిర్బంధాన్ని అనుభవించారు. ముథోని వా కిరిమా అడవిలో పోరాడి ఫీల్డ్ మార్షల్ హోదా పొందింది. యోధురాలిగా స్త్రీ చేసిన పనికీ, రూపకంలో ఆమెకు దక్కిన స్థానానికీ మధ్య దూరం స్పష్టం.

అంతకంటే పెద్ద దూరం భూమి దగ్గర ఏర్పడింది. 1954 నుంచి ప్రభుత్వం 10 లక్షలకు పైగా ప్రజలను వారి ఇళ్లనుంచి ఖాళీ చేయించి కంచెలు వేసిన కొత్త గ్రామాల్లోకి తరలించింది. పాత ఇళ్లు కూలాయి. అదే సంవత్సరం వచ్చిన స్విన్నర్టన్ ప్రణాళిక కింద చెల్లాచెదురుగా ఉన్న మడులను ఏకఖండాలుగా కలిపి, వ్యక్తుల పేర పట్టాలు ఇవ్వసాగారు. పట్టా దాదాపు ఎల్లప్పుడూ కుటుంబయజమానిగా గుర్తించిన పురుషుడి పేరనే రాశారు. భార్య ఇంటికి, ఆమె మడికి ఆచారం ఇచ్చిన రక్షణ కాగితంలోకి ఎక్కలేదు. ముంబి ఇల్లు అని ప్రజలు అత్యంత గంభీరంగా పాడుతున్న కాలంలోనే, ఆ మాటకు ఆధారంగా ఉన్న తల్లి వాటా రికార్డుల నుంచి తొలగిపోయింది. పాటలో ఇల్లు ఎంత ఎత్తుకు లేచిందో, పట్టాలో అంతగా కుంగింది.

నగరం, రికార్డు, తీపి

1963లో స్వాతంత్ర్యం వచ్చాక నైరోబీ గ్రామఫోను రికార్డుల వ్యాపారానికి కేంద్రమైంది. గిటారు ప్రధానంగా సాగే బెంగా శైలిని కికుయు గాయకులు తమ భాషా నుడికారానికి అనువుగా మలచుకున్నారు. మురాంగా ప్రాంతంలోని కంగేమాలో 1939లో జన్మించిన జోసెఫ్ కమారు, ఆ తర్వాతి తరానికి చెందిన డేనియల్ కమావు ఈ దశలో ప్రముఖులు. ఇక్కడ స్త్రీ రూపకాల నిఘంటువే మారిపోయింది. ఆదిమాత, ఇల్లు వెనక్కి వెళ్లి, తేనె, పాలు, చక్కెర వంటి తీపి పదార్థాలు ముందుకు వచ్చాయి. కన్యాశుల్కంగా ఇచ్చే మేకల లెక్క, నగరంలో పెట్టే ఖర్చు లెక్కగా రూపాంతరం చెందింది. ఆచారంలో రెండు కుటుంబాల మధ్య బంధుత్వాన్ని నిర్మించే కానుకగా ఉన్నది, పాటలో ఒక స్త్రీ వెలగా కుదించుకుపోయింది.

భాషా నిర్మాణం సైతం ఈ మార్పుకు సహకరించింది. కికుయు నామవాచకాలు ఉపసర్గల ఆధారంగా వర్గాలుగా విడిపోతాయి. మనుషులను తెలిపే వర్గానికి ‘ము’ ఉపసర్గ. ముతుమియా, ముయిరీతు అనే పదాలు ఆ వర్గానివి. అదే ముయిరీతు అనే పదానికి ‘క’ చేరిస్తే ‘కయిరీతు’, అంటే చిన్నపిల్ల, ముద్దులమ్మాయి. ‘కి’ చేరిస్తే భారీతనం, తూష్ణీభావం ధ్వనిస్తాయి. అంటే ఒక్క అక్షరం మార్పుతో గాయకుడు స్త్రీని మనుషుల వర్గం నుంచి చిన్న వస్తువుల వర్గంలోకో, మోటు వస్తువుల వర్గంలోకో తరలించగలడు. ‘స్త్రీ శిశువు’, ‘స్త్రీ వస్తువు’ అనే భావరూపకాలు కికుయులో పోలికగా చెప్పనవసరం లేకుండానే వ్యాకరణంలో ఇమిడిపోతాయి. వినేవారికి అది అలంకారంగా కూడా తోచదు.

అయితే ఈ కాలపు పురుష గాయకులందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కమారు పాడిన ‘ందారి యా మ్వారిము’ అనే పాట పేరుకు ఉపాధ్యాయుడి ప్రియురాలు అని అర్థం. విద్యార్థినులను లోబరుచుకునే ఉపాధ్యాయులను ఎత్తిచూపిన ఆ పాట ఉపాధ్యాయవర్గంలో తీవ్ర నిరసనకు దారితీసింది. తన సోదరి కేథరిన్ ముథోనితో కలిసి ఆయన పాడిన యుగళగీతాల్లో స్త్రీ గొంతు సమాధానం చెబుతూ వినిపిస్తుంది. పాత పనిపాటలోని సంవాదరూపం రికార్డులోనూ బతికింది. ఇదే కాలంలో, 1969లో, అవివాహిత తల్లులు బిడ్డ తండ్రి నుంచి పోషణ కోరే వీలు కల్పించిన చట్టాన్ని కెన్యా పార్లమెంటు రద్దు చేసింది. మోసపోయిన అమ్మాయికి న్యాయస్థానంలో దారి మూసుకుపోయినప్పుడు పాట ఆ విషయాన్ని బజారులో మాట్లాడగలిగింది.

ఈ వస్తువు తెలుగు పాఠకులకు పూర్తిగా అపరిచితం కాదు. ంగూగి వా థియాంగో 1980లో కికుయు భాషలో ప్రచురించిన నవలను వరవరరావు జైలులో ఉండగా ‘మట్టికాళ్ల మహారాక్షసి’గా తెలుగు చేశారు. బడిలో చదివే వయసులో ఒక ధనిక వృద్ధుడి చేతిలో మోసపోయిన వరీంగా ఆ నవలలో కథానాయిక. గిచాండి అనే సొరకాయ బుర్ర వాద్యంతో పాడే సంప్రదాయ గాయకుడు ఆమె కథను చెబుతాడు. తీపి పదార్థంగా పాటలు వర్ణించిన నగరపు అమ్మాయి ఆ కథలో యంత్రాలు బాగుచేసే ఇంజనీరింగ్ విద్యార్థినిగా మారుతుంది. జనప్రియ గీతాల రూపకాలకు కికుయు నవల ఇచ్చిన సమాధానంగా దీన్ని చదవవచ్చు.

రేకుల కప్పు

నగరంలో తీపి రూపకాలు వెల్లువెత్తుతున్న రోజుల్లోనే పల్లెల్లో స్త్రీలు మరొక పని మొదలుపెట్టారు. గడ్డికప్పు త్వరగా పాడవుతుంది, గడ్డి కూడా కరువవుతోంది. 1960ల నుంచి కికుయు స్త్రీలు బృందాలుగా ఏర్పడి, కూలిపనులు చేసి, చందాలు పోగుచేసి, ఒక్కొక్క సభ్యురాలి ఇంటికీ వంతులవారీగా ఇనుప రేకుల కప్పు వేయించారు. రేకులను స్వాహిలీలో ‘మబాతి’ అంటారు కనుక ఇవి మబాతి బృందాలుగా పేరుపొందాయి. పొలంలో పరస్పరం సాయపడే ‘ంగ్వాతియో’ అనే పాత ఆచారమే వీటికి పునాది. కప్పు పూర్తయినప్పుడు పాట, ంగెమి హర్షధ్వానం తప్పనిసరి. కొన్ని బృందాలు ఆ తర్వాత భూమి, భవనాలు కొనే స్థాయికి ఎదిగాయి.

కెన్యాట్టా నమోదు చేసిన పాత సంవాదంతో దీన్ని కలిపి చూస్తే ఒక కొనసాగింపు బోధపడుతుంది. కప్పు లేని గోడ ఇల్లు కాదని అప్పుడు పాటలో వాదించిన స్త్రీలు, ఇప్పుడు పురుషుడి సంపాదన కోసం వేచి ఉండకుండా తామే కప్పు వేసుకున్నారు. పాట చేసిన వాదనను పని రుజువు చేసింది. కాని ఒక చిక్కు అలాగే ఉండిపోయింది. కప్పు వారి డబ్బుతో వచ్చినా, దాని కింది నేల పట్టా సాధారణంగా భర్త పేరనో, మామ పేరనో ఉండేది.

న్యాంబురా గొంతు

1964లో జన్మించిన జేన్ న్యాంబురా ‘క్వీన్ జేన్’ అనే పేరుతో కికుయు జనప్రియ సంగీతంలో అత్యంత ప్రసిద్ధురాలైన గాయని. ఆమె పేరు ఆదికూతుళ్లలో ఒకరిది. వాన అనే అర్థంతో ముడిపడినది. 2010లో మరణించేవరకు ఆమె పాడిన పాటల్లో స్త్రీ తరచుగా ‘నేను’ అని మాట్లాడుతుంది. ‘గూకా నిందరేగా’ అనే పాట పేరుకు ‘తాతా, నేను ఒప్పుకోను’ అని అర్థం. డబ్బున్న వృద్ధుడికి ఇవ్వజూపితే యువతి చేసే నిరాకరణ అది. ఇక్కడ గాయని ఎంచుకున్న సంబోధనలోనే రూపకం ఉంది. వరుడిగా వచ్చినవాడిని తాత అనే వరుసతో పిలవడం వల్ల ఆ పెళ్లి అసహజమని వేరే చెప్పనక్కరలేదు. కికుయు సమాజంలో తాత పేరే మనవడికి పెడతారు. తాత–మనుమరాలి మధ్య చనువు, హాస్యం ఉంటాయి. ఆ వరుసను అడ్డుపెట్టుకొని యువతి మర్యాద తప్పకుండానే తిరస్కరిస్తుంది. ‘అరూమె మజంగిరి’ అనే మరో పాట పేరు పురుషులు దుర్మార్గులని నేరుగా అంటుంది. స్త్రీలను పోలికలతో కొలిచే అలవాటును అది పురుషుల వైపు తిప్పింది.

1990లలో ‘ముగిథి’ అనే కొత్త ప్రదర్శనరీతి వ్యాపించింది. ముగిథి అంటే రైలుబండి. మధుశాలలో ఒక్క గిటారుతో ఒక్క గాయకుడు పాడుతుంటే శ్రోతలు ఒకరి వెనుక ఒకరు భుజాలు పట్టుకొని రైలులా కదులుతారు. చర్చి కీర్తనలు, ఆచార సందర్భాల బూతుపాటలు, పోరాటగీతాలు అన్నీ అందులో కలిసిపోయాయి. మైనా వా ముతోన్యా 2013లో వెలువరించిన గ్రంథంలో 1990ల కికుయు జనప్రియ సంగీతాన్ని దైనందిన రాజకీయంగా విశ్లేషించాడు. ఒకప్పుడు నిర్ణీత ఆచారసమయంలో, నిర్ణీత శ్రోతల మధ్య మాత్రమే అనుమతించిన స్త్రీదేహవర్ణనలు ముగిథిలో ప్రతి వారాంతపు వినోదమయ్యాయి. ఆచారం విధించిన హద్దు తొలగింది, వర్ణన మాత్రం మిగిలింది. అదే రైలులో స్త్రీలూ చేరి పాడతారు, నవ్వుతారు, పంక్తులు మారుస్తారు. అందువల్ల ముగిథి ఏకపక్షమని తీర్మానించడం తొందరపాటు అవుతుంది.

ఇదే దశాబ్దంలో తొమ్మిది పేర్లలోని ఒక పేరు పాటల పరిధిని దాటింది. రాజ్యాంగ సంస్కరణల చర్చలో, రాజ్యాంగం గురించి వంజికుకు ఏం తెలుసునని అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయి అన్నట్లు ప్రసిద్ధి. పల్లెటూరి కికుయు స్త్రీని అజ్ఞానానికి ప్రతీకగా చూపిన ఆ మాటను వ్యంగ్యచిత్రకారులు, ఉద్యమకారులు అందుకొని తిరగేశారు. వంజికు కెన్యా సామాన్య పౌరసమాజానికి పేరైంది. 2010 ఆగస్టు 27న అమలులోకి వచ్చిన రాజ్యాంగం భూమికి సంబంధించిన చట్టాల్లో, ఆచారాల్లో లింగవివక్షను తొలగించాలని, వివాహంలో దంపతులకు సమాన హక్కులుండాలని ప్రకటించింది. ఎగతాళిగా మొదలైన రూపకం హక్కుల పత్రం దాకా నడిచింది.

ముగింపు

కికుయు గీతాల్లోని స్త్రీ రూపకాలను కాలక్రమంలో పరిశీలించినప్పుడు కొన్ని విషయాలు తేలుతున్నాయి. రూపకం స్త్రీ స్వభావాన్ని తెలపడం కంటే, దాన్ని ప్రయోగించినవారి ఆందోళనను ఎక్కువగా తెలుపుతుంది. భూమి పోతుందన్న భయం బాలికను గట్టుగా, పోరాటం స్త్రీని నేలతల్లిగా, నగరపు ఖర్చు ఆమెను వెలగల తీపి పదార్థంగా చూపాయి. గౌరవంగా కనిపించే రూపకం, అవమానంగా కనిపించే రూపకం రెండూ స్త్రీకి మాట్లాడే స్థానం ఇవ్వనప్పుడు ఒకే ఫలితాన్నిచ్చాయి. ముంబి ఇల్లు అనే మహారూపకం నీడలోనే పట్టాలు పురుషుల పేర మారిపోవడం దీనికి ప్రబల నిదర్శనం.

స్త్రీలు రూపకాలను విసర్జించలేదు. ఊసరవెల్లి అంటే పిట్టను, పంట్లాం వేసుకున్నవాడికి తన వస్త్రాన్ని, వరుడికి తాత అనే వరుసను చూపి, దొరికిన భాషతోనే బదులు చెప్పారు. చట్టం మారినా ఆచారంలో, వారసత్వ తగాదాల్లో పుట్టింటి భూమిపై కూతురి వాటా ఇప్పటికీ వివాదాస్పదమే. ముంబి కూతుళ్ల పేర్లు వంశాలకు ఎలా నిలిచాయో చెప్పే కథలో స్త్రీలు బేరం ఆడి పేరును దక్కించుకున్నారు. ఆ పేరున్న ఇంటి కింద నేల కూడా తమదని అనిపించుకునే ప్రయత్నంగా ఈ నూరేళ్ల ఎదురుపాటలను అర్థం చేసుకోవాలి.